రంగం ఓడకు మేం ఐదుగురం

మా చిన్నప్పుడు, నాకు ఎనిమిదేళ్ళు, చెల్లి చిట్టికి ఐదేళ్ళు ఉన్నప్పుడు, మా ఉద్దానం ఇంటి సామానంతా ఒక తెల్లవారుజామున రెండెడ్ల బండి ఎక్కింది... అయ్యకు రంగంలో, అంటే బర్మా రంగూన్‌లో, బియ్యం మిల్లు పని దొరికింది. సకుటుంబంగా సముద్రం దాటుతున్నాం!

ఇటువంటి మహాప్రస్థానానికి ఏమేం కావాలో మామ్మకు తెలిసినట్టు ఏ పండితుడికీ తెలియదు. చింతపండు, ఆవకాయ జాడీ, అటుకుల మూట... చివరికి రుబ్బురోలు కూడా ఎక్కించమంది. రంగంలో రాళ్ళుండవని ఆమె దృఢ విశ్వాసం.

ఓడెక్కాలంటే టీకా ఉండాలన్నారు. వారం ముందే టెక్కలి వెళ్ళి అందరం జబ్బలు పొడిపించుకొని వచ్చాం. చిట్టికి పొక్కు లేచింది, ఒళ్ళు కాస్త వెచ్చబడింది. ఇది మామూలేనని టీకాలాయన ముందే చెప్పాడు.

మామ్మకు మాత్రం అది టీకా కాదు... సాక్షాత్తూ అమ్మవారు. బండెక్కే ముందు మా ఇద్దరికీ ఒళ్ళంతా పసుపు రాసి, తలలో వేపమండలు తురిమింది. నాకు దురద పుట్టింది. దారిలోనే పసుపు తుడిచేసుకొని, మండ పీకి పారేశాను. చిట్టి బుద్ధిమంతురాలు. ఉంచుకొంది.

బారువ రేవులో ఒడ్డునే డాక్టరుగారు ఒక్కొక్కరినీ చూసి, ఓడ దాకా చేర్చే పడవ ఎక్కిస్తున్నారు. చిట్టి దగ్గర ఆగారు. పసుపు, వేపమండ, వెచ్చటి ఒళ్ళు...

"మశూచి. ఈ పిల్ల ఎక్కడానికి వీల్లేదు."

"టీకా పొక్కండి బాబూ! జబ్బ సూడండి!" అయ్య బతిమాలాడు.

"టీకాకి వేపమండెందుకయ్యా?"

అమ్మ మండ తీసేయబోయింది. మామ్మ ఆమె చెయ్యి పట్టుకొంది. "ఒలే, అమ్మోరు ఒంటిమీదుండగా తియ్యకూడదే!"

డాక్టరుగారికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది.

పడవవాడు కేకలేస్తున్నాడు. అయ్య ట్రంకుపెట్టె భుజాన పెట్టుకొన్నాడు. "ముందు నానెల్తాను. తరవాతోడకి మిమ్మల్ని రప్పిత్తాను."

"అందరం కలిసెల్దామనే కదా మావా ఆవుని అమ్మీసినాం?" అంది అమ్మ.

అయ్య పడవ ఎక్కేశాడు.

మొదట్లో "వచ్చే ఓడకు రండి" అని ఉత్తరాలు వచ్చేవి. తరువాత "వానలయ్యాక చూద్దాం". ఆ తరువాత రమ్మన్న మాటే లేదు. అక్కడ ఆయనకు వండిపెట్టే మనిషి దొరికిందని రంగం నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు.

ఊళ్ళో ఆడవాళ్ళు మాత్రం చిట్టికి పేరు పెట్టారు... "ఓడ దింపిన గుంట". మా వైపు ఆడపిల్లను గుంట అంటారు. మామ్మను ఎవరూ ఏమీ అనలేదు. పెద్దమనిషి కదా!

చిట్టి చదువు నేర్చింది. అమ్మకు అక్షరాలు రావు గనుక ఇంటికొచ్చే ఉత్తరాలన్నీ అదే చదివి వినిపిస్తుంది. మొన్న కాలేజీ సెలవులకు వెళ్ళినప్పుడు అది అయ్య ఉత్తరం చదువుతుంటే గుమ్మంలో నిలబడి విన్నాను. చివర ఇలా చదివింది: "నా సిట్టితల్లి ఎలాగుంది? దాని తప్పేటీ లేదని సెప్పు."

అమ్మ తలూపింది.

తరువాత ఆ కాగితం తీసి చూశాను. కొబ్బరితోట ఉంది, నా చదువు ఉంది, మామ్మ మోకాలి నొప్పి కూడా ఉంది... చిట్టి పేరు ఎక్కడా లేదు.

ఇప్పుడు టీకా చీటీ చూపిస్తే పిల్లల్ని రేవులో ఆపడం లేదట. సంతోషం. మీ ఇళ్ళకూ రంగం ఉత్తరాలు వస్తుంటాయి కదా... ఎవరో చదివితే వినడం కాదు, ఒకసారి మీరే తీసి చూడండి. మీరు విన్న వాక్యాల్లో కాగితం మీద లేనిదేదైనా దొరికితే నాకూ చెప్పండి.