మూడు పాత కంప్యూటర్లు తెచ్చిన టీచరమ్మ

మా లెక్కల టీచరమ్మ పోయారని మంగళవారం పొద్దున్న ఆమె పక్కింటావిడ ఫోను చేసి తమిళంలో చెప్పింది. కోయంబత్తూరులో బస్సెక్కి, పొల్లాచ్చిలో ఇంకో బస్సు మారి మా ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. ఆమెకు పిల్లలు లేరు. భర్త ఎప్పుడో చిన్న వయసులోనే పోయారు. దూరపు బంధువెవరో వచ్చి కార్యం ముగించి, అప్పుడే వెళ్ళిపోయారట.

మా బడిలో సగంమందిమి కొబ్బరి పీచు మిల్లులో కూలికి పోయేవాళ్ళ పిల్లలం. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, కోయంబత్తూరులో ఒక నూలు మిల్లు ఆఫీసులో పాత కంప్యూటర్లు తీసేస్తున్నారని ఆమెకు తెలిసింది. రెండుసార్లు వెళ్ళి అడిగి వచ్చారు. మూడోసారి, కొబ్బరికాయలు దింపి ఖాళీగా తిరిగివస్తున్న లారీలో మూడింటిని ఎక్కించుకుని దిగారు. గతుకుల్లో పగులుతుందేమోనని ఒక మానిటర్‌ని దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకున్నారట.

హెడ్మాస్టరుగారు వాటిని ఒక గదిలో పెట్టించి, దుప్పటి కప్పి తాళం వేశారు. ఈ పిల్లలు చెయ్యి పెడితే నాలుగు రోజులు నిలవవన్నారు. టీచరమ్మ గొడవపడలేదు. రోజూ మధ్యాహ్నం ఆయన గది ముందు నిలబడి తాళంచెవి అడిగేవారు. ఆయన లేదనేవారు, ఆమె వెళ్ళిపోయేవారు. మర్నాడు మళ్ళీ వచ్చేవారు. చివరికి ఒకరోజు ఆయనే తాళంచెవి బల్ల మీద పెట్టి బయటికి నడిచారు.

తీరా చూస్తే కంప్యూటర్ ఆమెకూ రాదు. యాభై ఏళ్ళ మనిషి శనివారాలు కోయంబత్తూరు పోయి, కాలేజీ పిల్లల మధ్య కూర్చుని నేర్చుకుని వచ్చేవారు. మా ఊళ్ళో తెలుగు మాట్లాడే ఇళ్ళు కొన్నే. తరగతిలో తమిళమే గాని, ఇంటికి నడిచే దారిలో నాతో మాత్రం తెలుగే. "శనివారం నేను నేర్చుకొనింది సోమవారం మీకు చెప్తుండా అమ్మిణీ. దానికి పైన అడిగితే నాకూ తెలీదు" అని నవ్వేవారు.

ఒకరోజు నేను మీట నొక్కగానే లోపల టప్పుమంది. కాలిన వాసన. ఇంటికి పరుగెత్తాను. రెండు రోజులు బడి వైపు పోలేదు. మూడోరోజు సాయంత్రం టీచరమ్మ మా వాకిట్లోకి వచ్చారు. అమ్మ లేచి నిలబడింది.

"ఇంగ పంపించను టీచరమ్మా. అంత పెద్ద సామాను మన చేతికి అచ్చిరాదు."

"చెడింది మిషను అక్కా, నీ కూతురు కాదు. రేపు దాన్ని విప్పాల. స్క్రూలు పట్టుకొనేదానికి నాకొక మనిషి కావాల. పంపీ."

విప్పాం. లోపల తీగల మధ్య మాడిపోయిన బల్లి.

"చూస్తివా! రెండు దినాలు ఏడిస్తివే, ఇది చేసిన పనికి!"

ఆ కంప్యూటర్ మళ్ళీ పనిచేయలేదు. కానీ దాని లోపల ఏముంటుందో చూశాక నాకు భయం పోయింది. ఇవాళ పంపుసెట్లు చేసే ఒక కంపెనీలో కంప్యూటర్లు చూసుకోవడమే నా ఉద్యోగం.

ఆమె రిటైరయ్యాక కొన్నేళ్ళకు బడికి కొత్త కంప్యూటర్ గది వచ్చింది. ప్రారంభానికి ఆమెను ఎవరూ పిలవలేదు. తర్వాత ఒకరోజు తనే వెళ్ళారట.

"శానా బాగుండాది. పిల్లోళ్ళు చెప్పులిడిచి లోపలికి పోతుండారు. నేను వాకిట్లో నిలబడి చూసి వచ్చేస్తిని."

"లోపలికి పోవాల్సింది కదా టీచర్?"

"పోయి, ఎవరని చెప్పుకొనేది?"

ఆ మాటలో కోపం లేదు.

ఈ మధ్య ఆమె ఫోన్లు ఎక్కువయ్యాయి. ఎందుకు చేశారంటే, "ఏం లేదు. తెలుగు మాట్లాడి నాలుగు దినాలాయె. నోరు మరిచిపోతాదేమో అని చేస్తిని" అనేవారు. పనిలో ఉన్నాను, రేపు చేస్తాననేదాన్ని. "సరి, పని చూడు" అని పెట్టేసేవారు. కొన్నిసార్లు చేశాను. చాలాసార్లు చేయలేదు. ఆ కొన్ని తెలుగు ఇళ్ళూ ఒక్కొక్కటే ఖాళీ అయి, మా అమ్మ కూడా పోయాక ఆ ఊళ్ళో ఆమెతో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎవరున్నారని ఒక్కసారైనా ఆలోచించలేదు.

మంగళవారం ఆ ఇంటి తలుపు వేసి ఉంది. పెరట్లోకి వెళ్ళాను. తీగ మీద ముందురోజు ఉతికి ఆరేసిన నీలం నూలుచీర అలాగే ఉంది. ఎండకు పెళుసెక్కింది. ఎవరూ తీయలేదు. నేను తీసి, అంచులు కలిపి, ఆమె తరగతిలో కాగితం మడిచినంత సరిగ్గా మడిచాను. మడిచాక దాన్ని ఎవరి చేతికివ్వాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాను. ఖాళీ తీగ గాలికి కాసేపు ఊగి, నిలిచిపోయింది.