ఏడు కర్రలూ ఒక అంగుళమూ

నా చిన్నప్పుడు, మా తాతయ్యకి అరవై దాటాక, గోల్ఫు పిచ్చి పట్టుకుంది. ఉప్పల్ రోడ్డులోని ఒక ప్రభుత్వ ప్రయోగశాల వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. పై అధికారి ఒకాయన ఓ ఆదివారం సరదాకి మైదానానికి తీసుకెళ్ళి చేతికి కర్ర ఇచ్చాడట. ఆ రోజు తాతయ్య కొట్టిన నలభై దెబ్బల్లో ఒక్కటంటే ఒక్కటి సరిగ్గా తగిలింది. ఆ ఒక్కటీ చాలు, మనిషి మనిషి కాకుండా పోయాడు. ఈ వయసులో కర్ర పట్టుకునేది నడవడానికి గానీ కొట్టడానికా అని నానమ్మ వీధందరికీ చెప్పి నవ్వేది.

రెండేళ్ళపాటు అడిగి తెచ్చుకున్న కర్రలతోనే ఆడాడు. తర్వాత ఆ అధికారికి బదిలీ అయింది. వెళ్ళిపోయే ముందు తాతయ్యని ఇంటికి పిలిచి, తన దగ్గరున్న రెండు సెట్లలో ఏది కావాలంటే అది తీసుకోమన్నాడు. నేను కూడా వెంటపడి వెళ్ళాను. నాకప్పుడు పదేళ్ళు.

వరండాలో రెండు సంచులు నిలబెట్టి ఉన్నాయి. ఒకదాంట్లోవి తళతళలాడుతున్న కొత్త ఐరన్లు, అంటే ఇనుప తల ఉన్న కర్రలు, ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. రెండోదాంట్లోవి సన్నటి తలలతో, అక్కడక్కడా తుప్పు మరకలతో, ఎవరో పారేస్తే ఏరుకొచ్చినట్టున్నాయి. తాతయ్య జేబులోంచి తాళంచెవి తీసి ఒక్కో కర్రనీ మెడ దగ్గర తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. డాక్టరు గుండె విన్నంత శ్రద్ధగా విన్నాడు. విని, పాతవే కావాలన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. దారిలో అడిగితే, అవి పోత పోసినవి, వంచబోతే విరుగుతాయి, ఇవి కాల్చి కొట్టినవి, వంచితే వంగుతాయి అని చెప్పాడు. నాకు తగ్గట్టు వంగేదైతేనే కదా నాదవుతుంది అన్నాడు. అంత పెద్ద ఇనుమూ ఒక ముసలాయన కోసం వంగుతుందనేది నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఆ అధికారి తాటిచెట్టంత మనిషి. మా తాతయ్య పొట్టి. అందుకని ముందు కర్రల పొడవు తగ్గించాలి. గచ్చు మీద చెప్పుల్లేకుండా, చేతులు వేలాడేసి నిటారుగా నిలబడ్డాడు. నానమ్మ బట్టలు కుట్టే టేపుతో మణికట్టు నుంచి నేల దాకా కొలిచింది. కొలుస్తూ, పెళ్ళినాటికీ ఇప్పటికీ నువ్వు కాస్త కుంగావయ్యా అని నవ్వింది. తాతయ్య ఏవో లెక్కలు వేసి, మూడో నంబరు నుంచి తొమ్మిదో నంబరు దాకా ఏడు కర్రలకీ ఎంతెంత పొడవు మిగలాలో కాగితం మీద రాశాడు. ఒక్కోదానికీ అంగుళం తగ్గించాలి.

ఇక తన పాత స్టీలు టేపు తీసి కర్రల్ని కొలవడం మొదలుపెట్టాడు. నేను పక్కనే కూర్చుని కళ్ళార్పకుండా చూశాను. టేపు మొదలుని కర్ర అంచుకి పెట్టకుండా, ఒకటో అంగుళం గీతని పెట్టి కొలిచేవాడు. ఎందుకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పెద్ద పనివాళ్ళు అలాగే కొలుస్తారు కాబోలనుకున్నాను. అంతలో గేటు దగ్గర ఎవరో పాత స్నేహితుడు వచ్చి పిలిస్తే లేచి వెళ్ళాడు. ఆ కబుర్లు ఇప్పట్లో తెమిలేవి కావు. కాగితం ఉంది, టేపు ఉంది, ఎర్ర పెన్సిలు ఉంది. ఒకటో గీత దగ్గర మొదలుపెట్టి, కాగితంలో ఎంతుంటే అంత దగ్గర, ఏడు కర్రలకీ నేనే గీతలు పెట్టేశాను. తాతయ్య వచ్చి చూసి మురిసిపోయాడు. ఎవరు గీసిన గీతనైనా మళ్ళీ కొలవందే ముట్టుకోని మనిషి, ఆ ఒక్కరోజు కొలవలేదు. మనవరాలి గీత కదా.

మా వీధి చివర లేత్ షాపు ఉండేది. దాని యజమానిని వీధి పిల్లలమంతా లేత్ మామ అనేవాళ్ళం. కుర్రతనంలో జనగామ వైపు పల్లె నుంచి వచ్చి, ఆ ఒక్క మిషనుతో నలుగురు పిల్లల్ని చదివించాడు. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు తెల్లచొక్కా, మిగతా ఆరు రోజులూ నూనె మరకల ఖాకీ. తాతయ్యకీ ఆయనకీ ఇరవై ఏళ్ళ స్నేహం. కర్రల్ని మిషనుకి బిగించి, ఎర్ర గీతల దగ్గర ఒక్కోటీ కోసి ఇచ్చాడు. తెగిన ముక్కలతోపాటు నా గీతలూ చెత్తబుట్టలోకి పోయాయి.

మర్నాడు పెరట్లో తాతయ్య కర్ర పట్టుకుని నిలబడి, బంతి మీదికి వంగాడు. ఇంకా వంగాడు. చెప్పులో రాయి గుచ్చుకున్నవాడిలా ముఖం పెట్టి, లోపలికెళ్ళి కొలుచుకున్నాడు. ఏడూ అనుకున్నదానికన్నా అంగుళం పొట్టి. కోసిన ఇనుము మళ్ళీ మొలవదు. కర్రలు పట్టుకుని లేత్ షాపుకి వెళ్తే, అంగుళం పొట్టి అయ్యాయని ఆయన చెప్పగానే మామ ముఖం పాలిపోయింది.

"నాదే తప్పు అన్నా. కండ్లు మసకలైనయ్. మొన్న ఒక గిరాకీ పని గూడ గిట్లనే ఖరాబైంది. ఇగ ఈ మిషను నాతోని గాదు."

తాతయ్య ఏం ఫర్వాలేదులే అని ఎంత చెప్పినా వినలేదు. నేను తలుపు పక్కనే ఉన్నాను. నా గీతలోనే ఏదో తేడా ఉందని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఇంటికెళ్ళి, ఎవరూ చూడకుండా టేపు తీసి నా పెన్సిలునే కొలిచాను. సున్నా నుంచి ఒక కొలత, ఒకటి నుంచి ఇంకో కొలత. ఒకటి నుంచి మొదలుపెడితే చివర ఒకటి కలుపుకోవాలి. తాతయ్య మనసులో కలుపుకునేవాడు. నేను ఆయన చెయ్యి చూశాను గానీ లెక్క చూడలేదు.

అప్పుడే పరిగెత్తుకెళ్ళి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఒక పెద్దమనిషి తప్పు తన నెత్తిన వేసుకున్నాక, పిల్లలకి నోరు మూసుకోవడమంత సుఖం ఇంకోటి లేదు. మొదటి రోజు నిజంగా సుఖంగానే ఉంది, ఆ సంగతి దాచను.

రెండో రోజు బడికి వెళ్తుంటే లేత్ చప్పుడు లేదు. షాపు తలుపు సగం మూసి, మామ బయట స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో సూదీ దారం. దారం ఎక్కించడానికి ప్రయత్నిస్తున్నాడు. ఎక్కిందో లేదో చూసే ధైర్యం లేక తలొంచుకుని వెళ్ళిపోయాను. మూడో రోజు నానమ్మ అన్నం పెడుతూ చెప్పింది, మామ మిషను అమ్మేస్తాడట, కాప్రాలో ఏదో గోడౌనుకి వాచ్‌మన్‌గా వెళ్తాడట, వాళ్ళావిడ ఏడుస్తోందట అని. ముద్ద కంచంలోనే పెట్టేశాను. జ్వరమేమోనని నానమ్మ నుదురు పట్టుకుని చూసింది.

నాలుగో రోజు శనివారం, ఒంటిపూట బడి. తాతయ్య నన్ను రమ్మని లేత్ షాపుకి నడిచాడు. తిన్నగా చెత్తబుట్ట దగ్గరికి వెళ్ళి, గొంతుక్కూర్చుని, ఇనుప రజను కెలికి ఏడు తెగిన ముక్కల్నీ ఏరాడు. వాటిని బల్ల మీది నున్నటి ఇనుప పలక మీద వరసగా నిలబెట్టమని నాకు చెప్పాడు. నిలబెట్టాను. వాటి తలల మీద ఉక్కు స్కేలు అడ్డంగా పెట్టమన్నాడు. పెట్టాను. అటువైపు కిటికీ వెలుగు పడుతోంది.

"స్కేలు కింద ఎక్కడైనా వెలుతురు దూరుతోందా అమ్మలూ?"

వంగి చూశాను. ఏడు ముక్కలు, ఏడుసార్లు విడివిడిగా కోసినవి. ఒక్కదాని మీద కూడా వెంట్రుకంత సందు లేదు. ఆ వయసులో నాకు ఇనుము గురించి ఏమీ తెలియదు. అయినా ఒళ్ళు జలదరించింది. మనిషి చేతులతో ఇంత నిక్కచ్చిగా ఒక పని చెయ్యగలడని అంతకుముందు నాకెవరూ చూపించలేదు. లేదని తలూపాను.

తాతయ్య మామ వైపు తిరిగాడు. "చూడు తమ్ముడూ. కళ్ళు పోయినవాడి కోత ఒకటి పొడుగు, ఒకటి పొట్టి ఉంటుంది. ఇవి ఏడూ ఒక్కలాగే తప్పు. అంటే గీత ఎక్కడుందో సరిగ్గా అక్కడే కోశావు. కోత తప్పు కాదు. గీతే తప్పు."

గీత ఎవరిదో మాత్రం అనలేదు. నా వైపు చూడనుకూడా లేదు. జేబులోంచి గుడ్డ తీసి, అసలే శుభ్రంగా ఉన్న స్కేలుని తుడుస్తూ నిలబడ్డాడు. ఆయనకి తెలిసిపోయిందని నాకు తెలిసింది. ఆయన చెప్పడని కూడా తెలిసింది.

"మామా, గీతలు పెట్టింది నేనే" అన్నాను. "ఒకటి నుంచి కొలిచి, ఒకటి కలపలేదు. నాకు మొన్ననే తెలుసు."

చెంప పగులుతుందనుకున్నాను. మామ కళ్ళజోడు తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు.

"అంటే నా కండ్లు మంచిగనే ఉన్నయా బిడ్డా?"

ఉన్నాయి మామా అన్నాను, ఏడుస్తూ. ఆయనా ఏడ్చాడు, నవ్వాడు, రెండూ ఒకేసారి. మొన్న పాడైన గిరాకీ పని మాటేమిటని తాతయ్య అడిగితే, ఆ రోజు రెండు పూటలా కరెంటు సరిగ్గా లేదని, చీకట్లోనే తొందరపడి చేశానని అప్పుడు గుర్తుచేసుకున్నాడు. భయపడినవాడికి అన్నీ సాక్ష్యాలే.

తాతయ్య అప్పుడు నా తల మీద చెయ్యి వేశాడు. "మొదలు అరిగిపోయిన టేపు నీకందేలా పెట్టి, ఎందుకలా కొలుస్తానో చెప్పనిది నేను. కాబట్టి కొలత తప్పు నాది. నాలుగు రోజుల మౌనం మాత్రం నీది అమ్మలూ." అంతే. కోపం లేదు, ఓదార్పూ లేదు. ఎవరి వాటా వాళ్ళకి పంచి ఇచ్చాడు.

మామ లేచి మిషను స్విచ్చి వేశాడు. నాలుగు రోజుల తర్వాత ఆ చప్పుడు వీధిలోకి వెళ్ళింది. వాళ్ళావిడ గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. కర్రలు లోపల గుల్ల కాబట్టి, ఒక్కోదాని చివర బిగుతుగా దిగేలా అల్యూమినియం బిరడాలు లేత్ మీద తిప్పి చేశాడు, ఒక్కోటీ పైకి సరిగ్గా అంగుళం మిగిలేటట్టు. మొదటి బిరడా పూర్తవగానే, అది వేడిగా ఉండగానే నా అరచేతిలో పెట్టి, కొలిచి ఎంతుందో జెప్పు బిడ్డా అన్నాడు. నా చేతికి! నాలుగు రోజుల కిందట తన బతుకుని అంగుళం పొట్టి చేసిన చేతికి. కొలిచి చెప్పాను. ఆయన మళ్ళీ కొలవకుండా రెండోది మొదలుపెట్టాడు.

తర్వాతి వారం తాతయ్య తోలు పట్టీలు చుట్టి, కర్ర తల అడుగున నీలిరంగు పూసి, చెక్క మీద కొట్టి, రంగు ఎక్కడ చెరిగిందో చూస్తూ ఒక్కో కర్ర మెడనీ తన ఒంటికి తగ్గట్టు వంచుకున్నాడు. ఇనుము నిజంగానే వంగింది. కానీ అప్పటికే నేను ఆశ్చర్యపడాల్సినదంతా పడిపోయి ఉన్నాను.

నాకిప్పుడు ఆనాటి తాతయ్య వయసు. నేనూ ప్రయోగశాలలోనే పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో తప్పులు చెయ్యలేదని చెప్పను, చాలానే చేశాను, ఇప్పటికీ చేస్తూనే ఉన్నాను. ప్రతిసారీ, నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుందిలే అని లోపల ఒక పిల్ల గొణుగుతుంది. అప్పుడు నాకు శిక్ష గురించి భయం వెయ్యదు. నేను చెప్పకపోతే, ఏ తప్పూ చెయ్యని మనిషి ఒకరు ఎక్కడో కూర్చుని, తన కళ్ళని తానే నమ్మడం మానేస్తుంటారేమోనని భయం వేస్తుంది. సాయంత్రం కాకముందే వెళ్ళి చెప్పేస్తాను.