రాతిలో పాలపుంత

ఆళ్లగడ్డ శిల్పి మోనప్పాచారి రోజూ పని మొదలుపెట్టే ముందు రాతిని సుత్తితో తట్టి మోత వినేవాడు. పగులుంటే ఆ రాయి విగ్రహానికి పనికిరాదు. పగులును రాతిపొడితో, లక్కతో పూడ్చాడని తెలిస్తే శిల్పికి మళ్లీ పని దొరకదు.

1957లో నంద్యాల సైన్సు మాస్టారు పాండురంగయ్య బడి కోసం ఆయనతో రాతిపలక మీద పాలపుంతను చెక్కించాడు. మధ్యలో నల్లగా ఉండేచోట ఏమీ లేదనుకుని మోనప్ప తూట్లు పొడిచాడు.

"ఆడ ఖాళీ కాదు ఆచారీ, ధూళి. వెనక చుక్కల వెలుగుకు అడ్డం పడింది" అన్నాడు మాస్టారు.

"అంతా అయినాక చెప్తాండారే అయ్యోరూ! పూడిస్తే నా పరువేం గావాల?"

"ఇదేమన్నా దేవుడా, పూజ చేసేకి?"

మోనప్ప నేలమీది రాతిపొడి ఎత్తి, లక్కలో కలిపి తూట్లు పూడ్చాడు.

ఆ పలక నంద్యాల బడి గోడకు ఎక్కింది. మోనప్ప ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతూనే ఉన్నాడు. పలక ఎవరి పని అని అడిగితే తెలియదనేవాడు.