తీర్థంతో మింగిన మాత్ర

2023 ఎండాకాలం. పెనుకొండ కొండరాళ్లు పగలంతా కాగి, పొద్దు వాలినాక కూడా బజారు మీదికి వేడి వదిలే రోజులు. బజారులో మాది చిన్న మందులంగడి. ఇప్పుడు కోడలు ఫార్మసిస్టు, లైసెన్సు ఆమెది. నేను మాత్రం కౌంటరు పక్క స్టూలు వదల్లేదు. చదివింది ఏడో తరగతి. ఇంగ్లీషు నేర్చుకున్నది మందుల పెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలు చదివి. ఆ కాగితాల మీద నాకున్న కోపం ఈనాటిది కాదు. ఏ మందుకు ఏ బాధ వస్తుందో మింగేవాళ్లకు తెలియాలని పెట్టిన కాగితాన్ని చీమకాళ్లంత అక్షరాలతో అచ్చేస్తే ఎవరికి తెలిసేటట్టు? భూతద్దం లేకుండా దాన్ని చదివిన రోగిని నేనింతవరకు చూడలేదు.

ఆ రోజు మధ్యాహ్నం నరసింహులు వచ్చినాడు. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. యూనిఫాం మీదే వచ్చి, ఒక మాత్రల స్ట్రిప్పు కౌంటరు మీద పడేసినాడు.

"మామా, ఇది వెనక్కి తీసుకో."

"కత్తిరించిన స్ట్రిప్పు ఎట్లా తీసుకునేదప్పా?"

"దుడ్లేం ఇయ్యొద్దు. ఇది విషమని ఒక్క మాట ఒప్పుకో, చాలు."

ఆ మాత్ర ఎలెండ్రోనేట్. ఎముకలు లోపల గుల్లబారి, చిన్న దెబ్బకే విరిగే జబ్బును ఆస్టియోపొరోసిస్ అంటారు. ఆ గుల్లదనం పెరగకుండా పట్టి ఉంచే మాత్ర ఇది. వారానికి ఒకటే. నరసింహులు తల్లి ఓబులమ్మ కోసం హిందూపురం ఎముకల డాక్టరు రాసినాడు. ఆమె గొర్లదొడ్డి గడప తట్టుకుని చతికిలబడితేనే మణికట్టు విరిగింది. అంత చిన్న పాటుకు విరగడమేంది అని అనుమానపడి డాక్టరు డెక్సా స్కాన్ తీయించినాడు. ఎముక ఎంత చిక్కగా ఉందో కొలిచే పరీక్ష అది. తుంటి, వెన్ను రెండూ పల్చబడినాయని తేలింది.

మాత్ర మొదలైన కొన్ని వారాలకు ఓబులమ్మకు గుండెల్లో మంట. ముద్ద దిగదు, మధ్యలో తట్టుకుంటుంది. గుండెపోటేమోనని భయపడి తీసుకుపోతే ఈసీజీ బాగుందన్నారు, గ్యాస్‌కు టానిక్ ఇచ్చినారు. మంట తగ్గలేదు. ఆ లోపల నరసింహులు ఫోనులో ఒక వీడియో చూసినాడు. ఈ మాత్ర తింటే దవడ ఎముక కుళ్లుతుందని, తొడ ఎముక దానంతట అదే విరుగుతుందని అందులో ఎవరో ఉరిమి ఉరిమి చెప్పినారు.

"ఇవన్నీ మాకెవరు చెప్పినారు మామా? నువ్వు చెప్పినావా, ఆ డాక్టరు చెప్పినాడా?"

నాకు ఒళ్లు మండింది. వాని మీద కాదు. ఆ వీడియోల వాళ్ల మీద మండింది, మాత్ర చేతిలో పెట్టి పొమ్మనే మా లోకం మీద కూడా మండింది. కూర్చోబెట్టి చెప్పినాను. "దవడ బాధ ఉండేదే, తొడ ఎముక సంగతీ ఉండేదే. రెండూ అరుదు. మొదటిది పన్ను పీకించుకున్నప్పుడు, రెండోది ఏండ్ల తరబడి వాడినాక ఎక్కువ చూస్తారు. తొడలో కొత్తగా నొప్పి వస్తే ఆగకుండా చెప్పాల. గొంతులో మంట మాత్రం అరుదు కాదబ్బా. అది తప్పుగా మింగితే వచ్చేది. నీకు నేను చెప్పిందేమి?"

"పరగడుపున, గ్లాసు నిండా నీళ్లతో, అరగంట పండుకోకూడదని."

"అమ్మకు చెప్పినావా?"

"పరగడుపున అని చెప్పినా." స్ట్రిప్పును నా వైపు నెట్టినాడు. "ఇంగ ఎందుకులే మామా. మా అక్క ధర్మవరం నుంచి ఏదో పొడి డబ్బా పంపింది. అదేస్తా. గొర్లను సంతకు తోలేస్తా. ఇంగొకసారి పడితే తుంటి విరుగుతుందంట, నేను డ్యూటీకి పోతే ఎవరు చూస్తారు?"

అదీ అసలు సంగతి. మందు వేసుకుంటే ముద్ద దిగదు. మానేస్తే తుంటికి భరోసా లేదు. ఎటు తిరిగినా ఓబులమ్మ మంద అమ్ముడుపోతుంది.

"రేపు అమ్మను తీసుకురా. నేను మాట్లాడకుండా గొర్రె తోక కూడా అమ్మొద్దు," అన్నాను.

మర్నాడు కొడుకు బండి మీద దిగింది ఓబులమ్మ. ఎండకు కాలిన మొహం, చెవులకు పాత కమ్మలు, కట్టు విప్పిన చెయ్యి ఇంకా ఒళ్లో దాచుకున్నట్టు పెట్టుకుంది. వస్తూనే మొదలుపెట్టింది.

"ఏమన్నా, నా జీవాలు అమ్మమని నువ్వు కూడా చెప్తావా? జీవాలు పోతే పొద్దున లేసి నేనేం చేయాల? టీవీ ముందర కూసోని కోడళ్ల ఏడుపు చూడాల్నా?"

"నేనేం అమ్మమనలేదు తల్లీ. మాత్ర ఎట్లా మింగుతాండావో చెప్పు."

"చెప్పినట్టే మింగుతాండా. పరగడుపునే. వారానికొకటే."

మామూలుగా ఇక్కడితో ఊరుకుంటాం. సరిగ్గానే వేసుకుంటాండాదంట అని తల ఊపి ఇంకో టానిక్ ఇస్తాం. ఆ రోజు ఎందుకో నా మనసు ఒప్పలేదు. చక్కెర బిళ్ల ఒకటి చేతిలో పెట్టి, పక్కన చెంబుతో నీళ్లు పెట్టి, "ఇదే మాత్ర అనుకో. ఇంట్లో ఎట్లా చేస్తావో అట్లే చేసి చూపించు," అన్నాను.

ఆమె కొడుకు వైపు చూసి, "ఈయనకు ఎండ తగిలినట్టుండాది," అంది. కానీ చేసింది. ముందు చెప్పులు విడిచింది. చెప్పులెందుకు విడిచిందా అని నేను స్టూలు మీదనుంచి ముందుకు వంగినాను. బిళ్ల నాలుక మీద పెట్టుకుంది. కుడి అరచెయ్యి దొప్పలాగా చేసి చెంబులోంచి రవ్వంత నీళ్లు వంపుకుంది, చప్పరించింది, తడి చెయ్యి తలకు రాసుకుంది. తర్వాత మోకాళ్ల మీద వంగి నుదురు నా కౌంటరు అంచుకు ఆనించింది.

నేను లేచి నిలబడినాను. "ఓబులమ్మా, అది తీర్థం తీసుకోవడం గదా?"

"మరి ఇంగేమి? శనివారం మాకు ఒక్కపొద్దు. కదిరి సామికి. నీళ్లు కూడా ముట్టకుండా దీపం పెట్టాల. డాక్టరు పరగడుపు అన్న్యాడు, వారానికొకటి అన్న్యాడు. వారానికొకసారి పరగడుపున ఉండేది శనివారమే గదా. సామే చెప్పినట్టుంటే, మందుకు తీర్థం కంటే మంచి నీళ్లు యాడుంటాయి?"

"ఆ తర్వాత?"

"ఒక్కపొద్దు గదా, నీరసం. కాసేపు నడుము వాలుస్తా."

ఇన్నేండ్లు అంగట్లో కూర్చున్నందుకు అంత సంబరం నాకు అంతకు ముందు కలగలేదు. ఈసీజీకి దొరకనిది, టానిక్‌కు దొరకనిది, నా కౌంటరు ముందర చెప్పులిడిచి దొరికింది. ఆ గుక్కెడు తీర్థంతో మాత్ర కడుపు దాకా పోదు. గొంతు నుంచి కడుపుకు పోయే గొట్టం, అంటే ఈసోఫేగస్ గోడకు కరుచుకుంటుంది. వంగి మొక్కి, ఆపైన పడుకుంటే అక్కడే కరిగి కాలుస్తుంది. ఆమె తెలివితక్కువగా చేసిందేమీ లేదు. ఆమె దాకా చేరినవి రెండు మాటలు, ఆ రెండిటినీ తన ఒక్కపొద్దుకు ఇంత చక్కగా అతికించుకున్న మనిషిని నేనైతే తప్పు పట్టను. పండుకోకూడదనే మాట, గ్లాసు నీళ్ల మాట కొడుకు దగ్గరే ఆగిపోయినాయి. అంగట్లో కొనేది ఒకరు, ఇంట్లో మింగేది మరొకరు. మా వ్యాపారంలో సగం కష్టాలు ఆ మధ్య దారిలోనే పుడతాయి.

అప్పుడే ముగ్గురం రైలెక్కి హిందూపురం పోయినాం. రైల్లో నరసింహులు అక్క పంపిన పొడి డబ్బా తీస్తే భూతద్దం పెట్టి చదివినాను. సింహం బొమ్మ ఉంది, ఎముక బొమ్మ ఉంది. లోపల ఏముందో, ఎంత ఉందో ఒక్క ముక్క లేదు. మందు కంపెనీ కనీసం చీమకాళ్ల అక్షరాలైనా వేసింది, వీళ్లకు ఆ మాత్రం సిగ్గు కూడా లేదని పక్క సీటువాళ్లు తిరిగి చూసేటట్టు తిట్టినాను. "తిట్టు చాలుగానీ కూసో అన్నా, నీ బీపీ మాత్రలు మీ అంగట్లోనే ఉండాయి," అంది ఓబులమ్మ.

డాక్టరుకు తీర్థం సంగతి నేనే ఉరుకులు పరుగులుగా చెప్పినాను. ఇంగ గ్లాసు నీళ్లతో మింగితే సరిపోతుంది, మంద మిగిలినట్టే అని నా లెక్క. ఆయన చివరి దాకా విన్నాడు.

"మంచి పని చేసినారు పెద్దాయనా. కానీ కారణం తెలిసినంత మాత్రాన పుండు మానదు గదా. ముందు లోపల ఎట్లుందో చూడాల."

ఎండోస్కోపీ చేయించినారు. నోటి నుంచి సన్న కెమెరా గొట్టం దించి చూసే పరీక్ష. పుండు ఉండనే ఉంది. ఎలెండ్రోనేట్ ఆపేసి, పుండు మానడానికి మందిచ్చి, మానినాక మళ్లీ రమ్మన్నారు. ఆ కొన్ని వారాలూ నరసింహులు మందను అమ్మలేదు. నాకిచ్చిన మాట కోసం కాదు, తల్లి వానితో మాట్లాడటం మానేసినందుకు.

రెండోసారి పోయినప్పుడు డాక్టరు దారులన్నీ మా ముందర పరిచినాడు. "ఇదే మాత్ర సరైన పద్ధతిలో మళ్లీ మొదలుపెట్టొచ్చు. కానీ ఒకసారి పుండు పడిన గొట్టం, నాకు మనసొప్పదు. ఆర్నెల్లకొకసారి చర్మం కింద వేసే సూది ఉంది. రోజూ ఎవరికి వాళ్లు పొడుచుకునే సూది ఉంది, అది చల్లగా పెట్టుకోవాల. ఏడాదికొకసారి సెలైన్ మాదిరి ఎక్కించే మందు ఉంది."

ఓబులమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది. సంతలో పొట్టేలు పళ్లు చూసేటప్పుడు ఉండే మొహం అది.

"సార్, వీటిల్లో మర్చిపోతే మోసం చేసేది యాది?"

డాక్టరు కలం కింద పెట్టినాడు. "ఆర్నెల్ల సూది. అది వేళకు పడకుంటే కట్టుకున్న ఎముక గబగబా జారిపోతుంది. వెన్నుపూసలు కూడా విరగొచ్చు."

"అట్లయితే అది వద్దు. ఎండాకాలం మా జీవాలు మడకశిర దాటి కన్నడ పల్లెల్లో యాడుంటాయో నాకే తెలీదు. ఆడికొచ్చి పొడుస్తావా నువ్వు?"

"రోజూ సూది?"

"మంద ఎంబడి ఐసుపెట్టె మోసుకోని తిరగాల్నా? గొర్లు నవ్వుతాయి సార్."

"ఏడాదిది ఎక్కించుకుంటే మొదటిసారి జ్వరం రావొచ్చు, ఒళ్లు నొప్పులు రావొచ్చు. ఒకటి రెండు రోజులు. ముందు కిడ్నీలకు రక్త పరీక్ష చేయాల, డి విటమిన్, కాల్షియం చూసుకోవాల."

"తొలకరికి ఇంటికొస్తాం గదా. ఏడాదికొకసారి అప్పుడే పెట్టు."

నరసింహులు అడ్డం వచ్చినాడు. "సార్, దవడ సంగతి?"

డాక్టరు కోప్పడతాడనుకున్నాను. ఆయన లేచి ఓబులమ్మ నోరు తెరిపించి, లైటు వేసి చూసినాడు. కింది దవడలో ఒక పన్ను వేలితో తాకితేనే ఊగుతాంది. "మంచి ప్రశ్న. ఈ మందుకూ ఆ భయం ఉంది. ముందు ఇది పీకించండి. చిగురు పూర్తిగా మానినాకే ఎక్కిద్దాం. తర్వాత ఎప్పుడు పన్ను పీకించాల్సి వచ్చినా ఈ మందు సంగతి ముందే చెప్పాల."

ఆ వీడియోలో అబద్ధం లేదు. ఓబులమ్మ లేదు, అంతే. ఆమె పన్ను, ఆమె తుంటి, ఆమె వలస దారి, ఆమె శనివారం ఎరగకుండా ఎవరు చెప్పినా అది సగం మాటే. గ్లాసు నీళ్లతో అంతా సరిపోతుందని మొదట నేను వేసుకున్న లెక్క కూడా సగం మాటే.

"ఎముకలకు మంచిదంటారు, నల్లేరు పచ్చడి తినొచ్చునా?" అని ఆమె అడిగితే, "వంటలో తిను తల్లీ, రాగి సంగటి కూడా తిను. మందు మాని మాత్రం తినొద్దు," అన్నాడు. పొడి డబ్బా చూపిస్తే లోపలేముందో తెలియనిది వద్దన్నాడు.

పన్ను పీకించి, చిగురు మానినాక మందు ఎక్కించినారు. మర్నాడు ధర్మవరం నుంచి ఆమె కూతురు ఫోను. మొగుడు మగ్గం ఆపి పక్కన నిలబడి ఉన్నట్టున్నాడు, ఆయన గొంతు కూడా వినిపిస్తాంది. "మామా, మా అమ్మకు ఏం ఎక్కిచ్చినారు? ఒళ్లు కాలిపోతాందంట, మంచం దిగలేదంట. మంచిగుండే మనిషిని పట్టి..."

"ముందే చెప్పినారమ్మా ఇది. డాక్టరు చెప్పిన జ్వరం మాత్ర వేసినారా? నీళ్లు తాగుతాందా?" అన్నాను. ముందే తెలిసిన జ్వరం కూడా మనవాళ్లకు వస్తే జ్వరమే. ఆ పొద్దంతా ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడినాను. చివరికి నరసింహులు చేసినాడు.

"మామా, అమ్మ లేసింది."

"ఎట్లుండాది?"

"దొడ్డికాడుండాది. గొర్రెపిల్లకు పాలు సరిగ్గా పట్టలేదని నన్ను తిడతాండాది." వాని గొంతులో నవ్వు వినిపించింది. "సంతకు తోలే మాట ఇంగ ఎత్తను మామా. దొడ్డి గడప మాత్రం తీసేసినా."

గడప తీసెయ్యాలని నాకు తోచలేదు, డాక్టరూ చెప్పలేదు. మందు ఎంత మంచిదైనా పడకుండా ఉండటం అంతకంటే మంచిదని ఫ్యాక్టరీలో పనిచేసే పిల్లోనికి తట్టింది.

ఆ తర్వాత మా అంగట్లో నేనూ కోడలూ "అర్థమైందా" అని అడగడం మానేసినాం. ఎవరిని అడిగినా అర్థమైందనే అంటారు. "చూపించు" అంటాం. కౌంటరు మీద ఒక పెద్ద గ్లాసు, నీళ్ల కూజా ఎప్పుడూ ఉంటాయి. పరగడుపున అని చెప్పే ముందు ఆ ఇంట్లో పరగడుపు అంటే ఏమని అడుగుతాం. నవ్వేవాళ్లు నవ్వుతారు. నవ్వుకోనీ.

మరుసటి ఏడు తొలకరికి ఓబులమ్మ హిందూపురం పోతా అంగడి దగ్గర దిగింది. మందు ఎక్కించే ముందు నీళ్లు బాగా తాగి రమ్మన్నారంట, చేతిలో నీళ్ల సీసా. అప్పుడే ఒకామె వారానికొకటి మింగే ఆ మాత్రే కొంటాంది. ఓబులమ్మ స్ట్రిప్పు చూసి గుర్తుపట్టింది.

"ఏ వారం మింగుతావమ్మా?"

"శనివారమక్కా. ఎట్లాగూ పరగడుపే గదా."

నేను నోరు తెరిచేలోగా ఓబులమ్మ కౌంటరు మీది గ్లాసు అందుకుని, కూజా వంచి, అంచు దాకా నింపి ఆమె చేతిలో పెట్టింది.

"మాత్ర లేకుండానే తాగి చూపించు. అంతా. సామికేం తొందర లేదు, ఉంటాడు."

ఆ మనిషి చివరి గుక్క మింగేదాకా ఓబులమ్మ గ్లాసు మీద నుంచి కన్ను తీయలేదు.