టైపిస్టుకు నేను రాసిన ఓదార్పు

మా బావమరిది రేడియో మెకానిక్. అతను బాగుచేసిన ఒక సెట్టు మర్నాటి వార్తలు ముందురోజే చదివేసిందని నేను కనీసం వందమందికి చెప్పి ఉంటాను. ఇద్దరు నమ్మారు. అందులో ఒకరు మా ఆవిడ, అంటే అతని సొంత అక్క. బావమరిది మనిషి పొట్టి, మాట పొదుపు, జేబులో ఎప్పుడూ టెస్టరు. భార్య పోయి ఆరేళ్ళయింది, పిల్లలు లేరు. ముందుగదిలో షాపు, వెనకగదిలో మకాం. అందరూ అతన్ని వాల్వు అంటారు, పాత రేడియోల్లో వెలిగే గాజు బుడ్డి పేరు. ఆ పేరు పెట్టిన పాపం నాదే.

పాత రేడియోల పిచ్చి ఉన్నవాళ్ళకోసం అతను ఫోనులో ఒక గ్రూపు నడిపేవాడు. రెండువేల మంది. నా కోతలు వినడానికి అంతమంది ఒకేచోట దొరకడం నా అదృష్టం. అతను పెట్టిన నియమాలు రెండే. ఇంటి ఏడుపులు ఇక్కడ వద్దు. దొంగపేరుతో చేరినవాడు వెళ్ళిపోవాలి.

ఒకరోజు ఒక లేతు మిషను మేస్త్రీ రాశాడు, ఇంట్లో నలుగురున్నా భోజనానికి పిలవడం తప్ప తనతో ఎవరూ మాట్లాడరని. దాని కింద నేను, "గాజులు తొడుక్కుని ఏడవండి మేస్త్రీగారూ, శ్రుతి కుదురుతుంది" అని పెట్టాను. నలభైమంది నవ్వారు. వాల్వు వచ్చి మేస్త్రీ రాసింది తీసేశాడు. నాది ఉంచాడు. బావ మాట కదా.

నెల తిరక్కుండా ఒక టైపిస్టు చేరింది. భర్త పోయాక తనను మనిషి చెయ్యి తాకింది లేదని రాసింది. బీపీ చూసే నర్సు జబ్బకు పట్టీ చుడుతుందట. ఆ అరనిమిషం కోసం, ఏ జబ్బూ లేకపోయినా పదిహేను రోజులకోసారి ఆసుపత్రికి వెళ్తుందట. అదీ ఇంటి ఏడుపే. కానీ ఎవరూ నియమం ఎత్తలేదు. అమ్మా, చెల్లీ అంటూ ఓదార్చారు. నేనూ రాశాను, ఒకటిన్నర పేజీ. తోడు కావాలనిపించడం తప్పు కాదమ్మా, అదీ ఆకలిలాంటిదే అన్నాను. నా జన్మలో నేను రాసినవాటిలో కోతలు లేనిది అదొక్కటే. చిన్నప్పుడు కోతలు కోసినందుకు నా చెవి మెలేసిన కాన్వెంటు సిస్టర్లు అది చూసి ఉంటే, పట్టుకున్న చెవి వదిలేసేవారు.

చివర్లో లేతు మేస్త్రీ ఒక్క వాక్యం రాశాడు. "మీరు ఆడవారు కాబట్టి అందరూ విన్నారమ్మా, సంతోషం."

మర్నాడు పొద్దున వాల్వు గ్రూపులో అంతా చెప్పేశాడు. టైపిస్టు లేదని, అది తనేనని, మగాడిగా ఆ మాట రాసే ధైర్యం లేకపోయిందని. మేస్త్రీగారిని క్షమాపణ అడిగాడు. గ్రూపు ఇంకొకరికి అప్పగించి, నియమం ప్రకారం వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక అనాల్సినవన్నీ అన్నారు. ఆడంగి అన్నది అందులో మెత్తటి మాట. ఈ వాల్వు మీకు తెలుసా అని ఒకాయన నన్ను అడిగితే, తెలియదన్నాను.

మూడు రోజులు చూసి మా ఆవిడ నన్ను షాపుకు తరిమింది. వాల్వు ఒక సెట్టు వెనక మూత విప్పుతున్నాడు. తలెత్తలేదు.

"అక్క పంపిందా?"

"నేనే వచ్చాన్రా."

"మామూలుగా అయితే నమ్మేలా చెప్తావు బావా. ఇవాళేంటి ఇలా?"

నేను స్టూలు మీద కూర్చున్నాను. అతను స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు.

"నువ్వు టైపిస్టుకు రాసింది పదిసార్లు చదువుకున్నాను. అందులో ఒక్క ముక్క నాకు చెప్పు. నా మొహం చూసి."

ఒకటిన్నర పేజీ రాసినవాణ్ణి. మనం మగాళ్ళం, ఇప్పుడవన్నీ ఎందుకులే అని గొణిగాను.

"సరే, వినైనా విను" అన్నాడు.

చెప్పడం మొదలుపెట్టాడు. సాయంత్రం షాపు కట్టేశాక, బాగైన సెట్లన్నీ ఒకేసారి పెట్టుకుంటాడట, గదిలో గొంతులు వినబడాలని. నాకు జోకు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. తనకు బీపీ చూసే ఆ నర్సు బదిలీ అయిందని, ఇప్పుడామె స్థానంలో మీసాలాయన వచ్చాడని చెప్పాడు. అక్కడ రెండో జోకు నోరు జారిపోయింది. ఏమన్నానో రాయడానికి నాకిప్పుడు చెయ్యి రావడం లేదు.

వాల్వు ఆగిపోయాడు. నేను నొచ్చుకుంటానని కాబోలు, కొంచెం నవ్వాడు కూడా. తర్వాత లేచి, షట్టరు దించే వేళయింది బావా అన్నాడు.

అప్పటికి మధ్యాహ్నం మూడు.