నిదానం ట్రైలర్ కొన్న వైనం

ఆయన్ని అందరూ నిదానం అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, పింఛను కాగితాల మీద తప్ప అది ఎక్కడా కనిపించదు. సిటీ బస్సు నడిపినన్నాళ్ళూ ఆయన బండిలో నిలబడ్డవాళ్ళకి పైన కడ్డీ పట్టుకోవలసిన అవసరం రాలేదు. ఆఫీసుకి ఆలస్యమైనవాళ్ళు మాత్రం ఆ బస్సు మలుపు తిరగడం చూడగానే తల పట్టుకుని, వెనకొచ్చే బస్సు కోసం మెడలు చాచేవారు. "నిదానమే ప్రధానం" అని ఒకసారి ఎవరితోనో అన్న పాపానికి పేరు అతుక్కుపోయింది. కోపమొస్తే ఇంట్లో ఇల్లాలు కూడా ఆ పేరే వాడుతుంది.

అలాంటి మనిషికి రేసులు నడిపే మేనకోడలు పుట్టింది. ఇలాంటి వేళాకోళాలు దేవుడికి మామూలే. చెల్లెలి కూతురు. వారమంతా మేడలెక్కి లిఫ్టులు బాగుచేస్తుంది. సెలవు దొరికితే చాలు, రెండు తలుపుల పాత చిన్న కారు ఒకటుంది, లోపల డ్రైవరు సీటు తప్ప మిగతావన్నీ పీకేసి ఇనపగొట్టాల పంజరం బిగించింది, దాన్ని తీసుకెళ్ళి రేసు ట్రాక్ మీద తిప్పుతుంది. ఆ కారుని మామూలు రోడ్డు మీద నడపనివ్వరు. ట్రాక్ దాకా మరో బండి మోసుకెళ్ళాల్సిందే. మావయ్య జీపు వెనక ట్రైలర్ కట్టుకుని, దాని మీద కారుని ఎక్కించుకుని, పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళేవాడు. ఉద్యోగం అయిపోయాక ఏం చెయ్యాలో తోచక వంటింట్లో డబ్బాలు సర్దుతూ భార్య చేత చీవాట్లు తింటున్న మనిషికి, ఆ పనితో ప్రాణం లేచొచ్చింది.

పోయిన సీజనులో ఆఖరి రేసు నుంచి తిరిగొస్తున్నప్పుడు ఆ ముచ్చట కాస్తా చెడింది. పొడవాటి పల్లంలో దిగుతుండగా వెనక ట్రైలర్ తోక ఊపడం మొదలెట్టింది. మొదట కొంచెం, తర్వాత ఇంకొంచెం. చూస్తూండగానే అది జీపు వెనక భాగాన్ని అటూ ఇటూ ఈడ్చేస్తోంది. ఆయన ఎటు తిప్పితే దానికి ఎదురు తిరిగింది. తల ప్రాణం తోకకొచ్చింది. యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసి, స్టీరింగు బిగించి పట్టుకుంటే ఎలాగో రోడ్డు అంచున ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. మేనకోడలు దిగి, టైర్లు చూసి, "గాలికి ఊగినట్టుంది మావయ్యా" అంది. ఆయన మాత్రం చాలాసేపు దిగలేదు. అన్నేళ్ళు బండి తోలినా స్టీరింగు ఆయన మాట వినకపోవడం అదే మొదలు.

ఇంటికొచ్చాక ట్రైలర్ తుప్పుపట్టిందని వంక పెట్టి దాన్ని వదిలించుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని తనకే సిగ్గేసింది. ఆయన లెక్కలో తప్పు ట్రైలర్‌ది కాదు. వయసొచ్చింది, చెయ్యి పోయింది, అంతే. భార్యకి ఒక్కదానికే చెప్పాడు.

"పోతే పోయింది, మానెయ్యండి. మిమ్మల్ని తోలమని ఎవరేడ్చారు?" అందావిడ. తర్వాత గొంతు తగ్గించి, "పిల్లకి మీరే చెప్పండి. నేను చెబితే ఏడుస్తుంది" అంది.

అలా చెప్పడానికే ఆయన ఈ రోజు బయల్దేరాడు. ముందు మంచి ట్రైలర్ ఒకటి చూసి పెట్టాలి. ఎవరి చేతిలో పడ్డా, ఎంత మొద్దు డ్రైవరు లాగినా పిల్లనీ కారునీ భద్రంగా చేర్చేదై ఉండాలి. తర్వాత "ఇక వేరే డ్రైవర్ని చూసుకో అమ్మా" అనెయ్యాలి. దారి పొడుగునా ఆ ఒక్క మాటనీ నోట్లో నానబెట్టుకుంటూనే వచ్చాడు.

కారు ఉంచే షెడ్డుకీ ట్రైలర్ల యార్డుకీ మధ్య ఒక్క గోడే అడ్డం. మేనకోడలు కారుని గేటు దాటించి తెచ్చి నిలబెట్టింది. యార్డు యజమానురాలు జుట్టులో పెన్సిలు గుచ్చుకుని, గ్రీజు మరకల చొక్కాతో ఎదురొచ్చింది. అమ్మే మనిషిలా లేదు. "మీరెందుకొచ్చారు?" అన్నట్టుంది చూపు.

"పెద్దది, గట్టిది చూపించండి" అన్నాడు నిదానం.

"ఎంత పెద్దది?"

"మీ దగ్గరున్నవాటిలోకెల్లా."

ఆవిడ జీపు వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా నాలుగు పక్కలా గోడలూ పైకప్పూ ఉన్న తెల్లటి పెట్టె ట్రైలర్ దగ్గరికి తీసుకెళ్ళింది. లోపల లైట్లు, గోడకి అరలు, నేలకి గళ్ళ రేకు. కాపురం పెట్టెయ్యొచ్చు. నిదానానికి కళ్ళు మెరిశాయి. వానొచ్చినా, రాళ్ళు ఎగిరినా, ఎవడు తోలినా పిల్ల కారుకి గీత పడదు.

"ఎక్కించి చూస్తా" అని తనే కారెక్కాడు. ఎక్కించడమంటే ఆయన పద్ధతి ఒక్కటే, రివర్సులో. బస్సు డిపోలో అది వేదం. రాత్రి బండిని వెనక్కి పెట్టాలి, తెల్లారి ముందుకు మూతి పెట్టి బయటికి రావాలి. మూతి గోడకేసి పెట్టిన డ్రైవర్ని డిపోలో మనిషిగా చూసేవారు కాదు. ఆయన ఇంట్లో జీపునీ అలాగే పెడతాడు, సైకిలునీ అలాగే పెడతాడు. రేసు కారునీ మొదటి నుంచీ అలాగే ఎక్కించాడు. మేనకోడలికి కూడా అది నచ్చింది. ట్రాక్ దగ్గర కారు దర్జాగా ముందుకే దిగుతుంది కదా, వెనక్కి దిగితే వెనకబడిపోతామని తనకో నమ్మకం కూడా పుట్టించుకుంది.

అద్దం ఒక్కటి చూసుకుంటూ వెన్నలో కత్తి దింపినట్టు కారుని పెట్టెలోకి పెట్టాడు. బయట మేనకోడలు చప్పట్లు కొట్టింది. ఆయన మీసం కింద నవ్వుకుని తలుపు తీశాడు. తలుపు నాలుగు వేళ్ళు తెరుచుకుని ట్రైలర్ గోడకి కొట్టుకుంది. ఇటు పక్కది తీశాడు. అదీ అంతే.

"మావయ్యా, కిటికీలోంచి రా. నేనట్లాగే వస్తా" అంది మేనకోడలు.

తను వస్తుంది. ఆమె నడుమెంత, ఈయన పొట్టెంత! తలా భుజాలూ వచ్చాక పని ఆగిపోయింది. వెనక్కి పోదామంటే చొక్కా పంజరం గొట్టానికి పట్టుకుంది.

"పెద్దాయన దిగుతారా, లేక ట్రైలర్‌తో కలిపి ఇచ్చెయ్యమంటారా?" అంది యజమానురాలు.

మేనకోడలు నేల మీద కూలబడి నవ్వింది. మొత్తానికి ఆమె లోపలికి దూరి చొక్కా విడిపించాక, ఆయన వచ్చినదారినే సీటులో పడి, కారుని బయటికి నడిపి, బతుకు జీవుడా అని దిగాడు. పైగా ఆ పెట్టె బరువుకి మీ జీపు చాలదనీ, పక్క నుంచి గాలి కొడితే తెరచాపలా లాగేస్తుందనీ యజమానురాలు ఇప్పుడు చెప్పింది. ముందే చెప్పొచ్చుగా అంటే, "మీరు అడిగింది పెద్దది" అంది.

తర్వాత ఆవిడ చూపించింది పైకప్పు లేని మామూలు ట్రైలర్. కానీ పాతదానిలా ఒక్క జత చక్రాలు కాదు, రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు, దానికి సొంతంగా బ్రేకులు. నేలకి దగ్గరగా ఉంది. నిదానం వంగి ఇరుసులు తట్టాడు, అతుకులు తడిమాడు. వంక పెట్టడానికేమీ దొరక్క కొంచెం నిరాశ కూడా పడ్డాడు. ఎంచడం అయిపోతే చెప్పాల్సిన మాట చెప్పాలి కదా.

మళ్ళీ రివర్సులోనే కారుని దాని మీదికెక్కించి, దిగి, చేతులు దులుపుకున్నాడు. యజమానురాలు ముందుకెళ్ళింది. జీపుకి తగిలించడానికి ట్రైలర్ ముందు ఒక నొగ పొడుచుకొచ్చి ఉంటుంది. దాన్ని వంగి, ఒంటిచేత్తో, కూరగాయల సంచీ లేపినట్టు లేపింది. లేపి, అలాగే పట్టుకుని ఇద్దరి వైపూ చూసింది.

"కారుని ఎప్పుడూ ఇట్లాగే ఎక్కిస్తారా?"

"ఎప్పుడూ ఇట్లాగే" అన్నాడాయన, కొంచెం గర్వంగానే.

"పల్లంలో తోక ఊపలేదా?"

మేనకోడలు మావయ్య మొహం చూసి, తర్వాత నేల చూసింది.

"ఇంజనంతా కారు మూతిలో ఉంది. మీరు మూతిని వెనక్కి పెట్టారు" అంది ఆవిడ. "బరువంతా చక్రాలకి వెనకే పడింది. నొగ చూడండి, గాల్లో తేలుతోంది. వెనక బరువెక్కువైన బండి ఎద్దుల్నే పైకి లేపేస్తుంది. మీ జీపొక లెక్కా? ఎవరు తోలినా ఊపుతుంది."

"ఎవరు తోలినానా?" అన్నాడు నిదానం.

"నేను తోలినా ఊపుతుంది."

"ఇంకోసారి చెప్పండమ్మా."

ఆవిడ వింతగా చూసి, మళ్ళీ చెప్పింది. ఆయన తల ఊపుతూ విన్నాడు. ఇన్ని నెలలుగా గుండెల మీద కూర్చున్నది చెయ్యి కాదు, వయసు కాదు. డిపో అలవాటు! తను గొప్పగా చెప్పుకున్న ఆ ఒక్క పనే, తన చేత్తో తనే చేసుకున్నది. సిగ్గుపడాల్సిన చోట నవ్వొచ్చింది. నమ్మాలంటే మాత్రం ఇంకా భయంగానే ఉంది.

ఈసారి మేనకోడలే కారుని మూతి ముందుకు పెట్టి ఎక్కించింది. కారు మూతి కింది గడ్డం మెట్టుకి గీసుకోబోతే, యజమానురాలు చక్రాల కింద రెండు చెక్కలు వేసింది. తనివి తీరక కారుని ఒక బెత్తెడు ముందుకీ, మళ్ళీ సగం బెత్తెడు వెనక్కీ జరిపించి, పట్టీలతో నాలుగు మూలలా బిగించింది. "ఇప్పుడు లేపండి" అంది ఆయనతో. నిదానం రెండు చేతులూ వేసి లాగాడు. నొగ కదల్లేదు. ఆయనకి అంత ఆనందం ఏ బరువు ఎత్తినప్పుడూ కలగలేదు.

"జీపుకి తగిలించుకుని రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి రండి. ఎవరు తోలతారు?"

మేనకోడలు తడుముకోకుండా "ఇంకెవరు, మావయ్యే" అని వెళ్ళి పక్కసీట్లో కూర్చుంది. పరాయి మనిషి ముందు కాదనలేక నిదానం స్టీరింగు వెనకెక్కాడు. అరచేతులు చెమట పట్టి ఉన్నాయి. ప్యాంటుకి తుడుచుకున్నాడు. మళ్ళీ పట్టాయి.

యార్డు దాటాక గోదాముల వీధి, తర్వాత పెద్ద రోడ్డు, దాని చివర వంతెన దిగే పల్లం. పల్లం రాగానే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. దాన్ని తీసి, కావాలనే వేగం పెంచాడు. ఆ రోజు ఎంత వేగంలో ఊపిందో అంతకి తెచ్చాడు. అద్దంలో చూశాడు. ట్రైలర్ వస్తోంది. ఊరికే వెనకాల వస్తోంది, బుద్ధిగా, గీత గీసినట్టు. పక్క నుంచి పెద్ద లారీ ఒకటి దూసుకుపోతే ఒకసారి కదిలి, సర్దుకుని, మళ్ళీ వస్తోంది. స్టీరింగు వేళ్ళతో పట్టుకున్నా సరిపోయింది.

పల్లం దిగాక జీపు పక్కకి తీసి ఆపేశాడు. కళ్ళు కనబడలేదు. మొహం చేత్తో తుడుచుకుంటుంటే మీసం కూడా తడిసింది.

"ఏమైంది మావయ్యా?"

"ఏం కాలేదు. బాగుంది." అద్దంలో ట్రైలర్‌ని ఇంకోసారి చూసుకున్నాడు. "నా చెయ్యి పోయిందనుకున్నానే. ఇవాళ నీకు ఆ మాట చెప్పి మానేద్దామనే వచ్చాను."

మేనకోడలు లిఫ్టుల గ్రీజు నల్లగా దిగిన గోళ్ళకేసి చూసుకుంటూ, "నేనూ అదే అనుకున్నాను" అంది.

"ఏంటి?"

"నీ చెయ్యి పోయిందనే అనుకున్నాను. ఆ రోజు గాలి లేదుగా. నువ్వు బాధపడతావని గాలి అన్నాను."

నిదానం ఆమె వైపు పూర్తిగా తిరిగాడు. "అంత అనుకుని, మరి ఇందాక నా పక్కన ఎట్లా ఎక్కావే?"

"బెల్టు రెండుసార్లు లాగి చూసుకుని ఎక్కాను."

ఆయన నవ్వడం మొదలెట్టి ఆపలేకపోయాడు. ఆమె కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. ట్రాక్ మీద అన్ని మలుపులు తిప్పే పిల్ల తన పక్కన భయపడి కూర్చుంది. భయపడుతూ కూడా కూర్చుంది. ఆయనకి ఆ రెండూ ఒకేసారి తెలిసొచ్చాయి.

"నేను ఇవాళ మానేశానని చెప్పుంటే ఏం చేసేదానివి?"

"ఏముంది, సరే అనేదాన్ని. నువ్వు పడుకున్నాక అత్తయ్య భుజం మీద పడి ఏడ్చేదాన్ని."

నిదానం జీపుని గేరులో వేసి, అద్దం చూసుకుని, రోడ్డు ఖాళీ అయ్యేదాకా తీరిగ్గా ఆగాడు.

"పద, ఇదే కావాలని ఆవిడకి చెబుదాం. వచ్చే రేసుకి నేనే తీసుకెళ్తున్నా."

"నిన్నెవరు అడిగారు?" అంది మేనకోడలు. అని, మొదటిసారి సీటులో వెనక్కి వాలి కూర్చుంది.