అడిగితే పలకని రేడియో

ఆ రోజుల్ల నా గొంతు వినకపోతే సూర్యాపేటల తెల్లారదనుకునేదాన్ని. వయసు అసొంటిది మరి! మా చిన్న ఎఫ్ఎం స్టేషన్ల పొద్దుగాల ఏడింటికి నేను మైకు ముంగట కూసుంటే మిర్యాలగూడ నుంచి కోదాడ దాంక ఫోన్లే ఫోన్లు. (నా గొంతు కోసం కాదు, తప్పిపోయిన బర్రె కోసం, కాల్వ నీళ్ల కోసం, వరికోత మిషన్ ఏ ఊర్ల ఉందో అడగనీకి. తెల్వక కాదు, ఒప్పుకోబుద్ధి కాకపోయేది.) రోజూ మొదటి ఫోన్ మోతె ఊరి పెద్దమ్మదే. చుట్టం కాదు, పక్కం కాదు. "తిన్నవా బిడ్డా?" అని అడిగినంకనే బర్రె సంగతి ఎత్తేది.

మా ఓనర్‌ను కటింగ్ సార్ అనేటోళ్లం. టీ కట్ చేసిండు, ఏసీ కట్ చేసిండు, ఇగ కట్ చేయనీకి నేనే మిగిలిన. ఒకనాడు పాట నడుస్తుంటే లోపలికొచ్చి, "హైదరాబాద్ల రికార్డు చేసిన ప్రోగ్రాం అగ్గువకు దొరుకుతది. అన్ని ఊర్లకు ఒకటే గొంతు. రేపు ఫోన్లు ఆగకుండ వస్తె నిన్ను ఉంచుత, లేకుంటె ఖతం" అన్నడు. ఆ మైకు లేకుంటే నేనెవలను? అయినా ఫోన్ చేయుండ్రని అడుక్కునుడేందని రోషం. పాట అయిపోంగనే గొంతుల ఏడుపంత పోసి, "రేపటితోని మన ముచ్చట ఆఖరు" అని ఊరుకున్న. గింత చెప్తే ఫోన్లు వరదలెక్క రావా అనుకున్న.

తెల్లారి ఏడైంది. ఫోన్ మోగలే. ఏడున్నరైంది, మోగలే. వైరు గుంజి చూసిన. నా సెల్లు నుంచి నేనే కొట్టి చూసిన, బంగారమసొంటిగ మోగింది. మోతె పెద్దమ్మ గూడ చేయలే! "ఏరి నీ ఫ్యాన్సు?" అని కటింగ్ సార్ నవ్వుతుంటే నాకు నిజంగనే ఏడుపొచ్చింది. ఎనిమిది కాంగనే ఆయన బటన్ నొక్కిండు. "హాయ్ ఫ్రెండ్స్! మెట్రోలో సీటు దొరికిందా?" అని హైదరాబాద్ రికార్డుల ఎవలో పిల్ల అందుకున్నది. (మోతెల బస్సుల సీటే దొరకది.)

అప్పుడు మెట్ల మీద చప్పుడైంది. ముందల మోతె పెద్దమ్మ, చేతిల బత్తాయిల సంచి. ఆమె ఎనుక బ్రెడ్డు ప్యాకెట్టుతోని కోదాడ బాబాయి, రోజూ వాన సంగతి అడిగేటాయన. వాళ్ల ఎనుక కోదాడ పక్క అనంతగిరి నుంచి ఆటో నిండ జనం. (నేనేమన్న దవాఖానల పడ్డనా?) "ఎంత పనాయె బిడ్డా!" అని పెద్దమ్మ నన్ను పట్టుకున్నది.

"ఫోన్ ఎందుకు చేయలే పెద్దమ్మా? ఒక్క ఫోన్ చేస్తె నా కొలువుంటుండె!" అని అరిసిన.

"ఓసి పిచ్చిదానా, పరామర్శ ఫోన్ల చేస్తరా? మంచి ముచ్చటైతె ఫోన్. చెడ్డ ముచ్చటకు మనిషే పోవాలె."

"మరే! ఫోన్లో పలకరిస్తే ఏం బాగుంటదమ్మా? తెల్లారగట్లే బస్సెక్కాను" అన్నడు కోదాడ బాబాయి.

పెద్దమ్మ స్పీకర్ దిక్కు తిరిగింది. "గీ పిల్ల ఎవలు? ఏ ఊరు బిడ్డా నీది?" అని గట్టిగ అడిగింది. ఆ పిల్ల మెట్రో ముచ్చటే చెప్తున్నది. పెద్దమ్మ జర ఆగి మల్ల అడిగింది. "అడిగితే పలుకుతలేదు సార్. మర్యాద తెల్వని పిల్లను తెచ్చుకున్నరు" అన్నది. కటింగ్ సార్ మెట్ల కాడి చెప్పుల కుప్పను చూసిండు, నన్ను చూసిండు, అందరికీ టీ తెప్పిచ్చిండు. "రేపు ఏడింటికి రా. ఏసీ మాత్రం అడగకు" అని గొణిగిండు.

అట్ల ఇంకొన్నేండ్లు నడిచింది. ఇప్పుడు నేను హుజూర్‌నగర్ల బట్టల దుకాణం నడుపుతున్న, ఆ స్టేషన్ల అన్నీ రికార్డు గొంతులే. పొద్దుగాల షట్టర్ లేపి రేడియో పెట్టి, ఎవలన్న వింటున్నరేమోనని అటిటు చూసి, "ఏ ఊరు బిడ్డా నీది? తిన్నవా?" అని అడుగుత. పలకదని నాకంటే బాగ ఎవలకు తెలుసు? అయినా జరసేపు ఆగుత.